బొగ్గుట్టలో ఒక పేరు కోసం

"మా తాత డెక్కన్ కంపెనీల పని జేసిండు బిడ్డా. నువ్వు కంప్యూటర్ల అన్నీ జూస్తవ్ గదా, గా కంపెనీ కాయితాలల్ల ఆయన పేరుంటదేమో జూడు" అంది నాయనమ్మ. సింగరేణి అనబోయి డెక్కన్ అంటోందేమో అనుకున్నా. ఎనభై దాటింది కదా! ఆ రాత్రి లాప్‌టాప్ తీశాక తెలిసింది, పొరపాటు నాదేనని.

సింగరేణి కంటే ముందు ఎల్లందులో నిజంగానే హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఉండేది. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన ఈ కంపెనీ చేతికి గనుల హక్కులు వెళ్లాయి. 1889కల్లా బొగ్గు బయటికొచ్చింది, డోర్నకల్ నుంచి రైలు లైనూ పడింది.

బొగ్గు కంటే ముందే గొడవ బయటికొచ్చింది! కంపెనీ మూలధనం పది లక్షల పౌన్లు. ఒక్కొక్కటి పది పౌన్ల లెక్కన లక్ష షేర్లు. అందులో 85,000 షేర్లు హక్కులు సంపాదించిన ఇద్దరు వ్యాపారుల చేతికే వెళ్లాయి. తర్వాత నిజాం ప్రభుత్వం చేతే పది పౌన్ల షేరును ఎక్కువ ధరకు కొనిపించారు. పెద్ద హోదాలో ఉన్న అబ్దుల్ హక్ పేరు బయటపడి, పదవి పోయింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ కమిటీ వేసింది.

మూడు వారాంతాలు ఇదే చదివా. ఎవరు ఎవరికి ఎన్ని షేర్లు అమ్మారో తెలిసింది. తట్ట మోసినవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఇక లాభం లేదనుకుని మహబూబాబాద్‌లో రైలు దిగి, ఎల్లందు బస్సెక్కా.

ఎల్లందును అక్కడి పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకున్నాయని, బొగ్గు సంగతి అలా తెలిసిందని కథ చెప్తారు. ఊరు దాటితే ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలు. నేను వెతుకుతున్న కంపెనీ బోర్డు మాత్రం నాకెక్కడా కనబడలేదు. పేరులోనూ తిరకాసే. గని మొదలైంది ఎల్లందులో, పేరేమో దగ్గర్లో ఉన్న సింగరేణి ఊరిది. ఇప్పుడు ఎల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, సింగరేణి మండలం ఖమ్మం జిల్లాలో ఉన్నాయి.

టీకొట్టు దగ్గర రిటైరైన ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. "కింగ్ సీమ్ల బొగ్గు తీసినం. కింగంటె రాజనుకునేటోళ్లం. బొగ్గు కనిపెట్టిన దొర పేరంట, తర్వాత తెల్సింది" అని నవ్వాడు. దొర పేరు బొగ్గు పొరకే పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు? "అప్పుడు పేరెవ్వడడిగిండు? బిళ్ల నంబరే పేరు" అన్నాడు.

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. పాత కంపెనీ ఆస్తులన్నీ దాని చేతికొచ్చాయి. ఏటా ఆ రోజున సింగరేణి దినోత్సవం చేస్తారు. డెక్కన్ కంపెనీ అనే మాట మా నాయనమ్మలాంటి వాళ్ల నోట్లోనే మిగిలింది.

ఉత్త చేతులతో ఇంటికొచ్చా. "పేరు దొరకలేదు నాయనమ్మా. బిళ్ల నంబరు తెలిస్తే ఏమైనా..." అన్నా.

"ఇత్తడి బిళ్ల ఉండె బిడ్డా. నా పెండ్లికి పాత ఇత్తడి కింద తూకానికేసి, బిందె తెచ్చిర్రు" అంది.

ఆ బిందె మా వంటింట్లోనే ఉంది. చిన్నప్పట్నుంచి అందులోని నీళ్లే తాగాను.

ఆ సాయంత్రం నాయనమ్మను కూర్చోబెట్టి, వాళ్ల తాత పేరు, ఊరు, ఆయన గురించి గుర్తున్నవన్నీ అడిగి రాసుకున్నా. రెండు పేజీలొచ్చింది. ప్రింట్ తీసి చేతిలో పెడితే, కళ్లజోడు తుడుచుకుని పేరు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

"కంపెనీ కాయితమేనా?" అంది.

"కాదు నాయనమ్మా, మనదే" అన్నా.

మడిచి దిండు కింద పెట్టుకుంది.