గురగురలాడిన గీజరు

మీ ఇంట్లో గీజరు ఉందా? పొద్దున్నే స్విచ్ వేయగానే అది గురగురమంటోందా? అయితే పని కాస్త పక్కన పెట్టి నా అనుభవం చదవండి. తప్పు నాదే కాబట్టి చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మాది సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్. ఇటు బీదర్, అటు జహీరాబాద్. డిసెంబరు, జనవరి నెలల్లో మా జిల్లాలో కొన్ని రోజులు 10 డిగ్రీల లోపుకు దిగిపోతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. తెల్లవారుజామునే అత్తమ్మ లేచి కట్టెలు ముట్టించేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ అవస్థ వద్దని మావారు 15 లీటర్ల గీజరు పెట్టించారు.

ఐదారేళ్లు అది నోరెత్తలేదు. పోయిన చలికాలం మొదలైంది గోల. ముందు గురగుర, తర్వాత టకటక, నీళ్లు కాగే కొద్దీ గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు.

"గా డబ్బల ఎవరో గొణుగుతున్నట్టే ఉన్నది బిడ్డా, నాకు భయమైతది" అంది అత్తమ్మ.

"ఏం కాదు అత్తమ్మా, పాతబడింది అంతే" అనేశాను. పిల్లల టిఫిన్ డబ్బాల హడావుడిలో అంతకన్నా ఏమాలోచిస్తాం?

దాంతో పాటు ఇంకో చిరాకు. గీజరు కింద సన్నటి గొట్టంలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారేవి. గచ్చంతా తడి. అత్తమ్మ జారి పడుతుందేమోనని ఒకరోజు పుల్లకు గుడ్డ చుట్టి ఆ గొట్టంలో దిగ్గొట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టాను. కారడం ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సంక్రాంతికి వారం ముందు సంగతి. స్నానం చేసి వచ్చిన అత్తమ్మ చేయి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. గట్టిగా అడిగితే చెప్పింది. ఆ చప్పుడుకు భయపడి స్విచ్ వేయడమే మానేసి, పది రోజులుగా చన్నీళ్లే పోసుకుంటోందట! నేను కోప్పడతానని చెప్పలేదట. నా ప్రాణం చివుక్కుమంది. అప్పటికప్పుడు తెలిసిన ఎలక్ట్రీషియన్ అబ్బాయికి ఫోన్ చేశాను.

అతను వస్తూనే నేను కట్టిన ట్యూబు చూసి నిలబడిపోయాడు.

"అక్కా, గిది ఎవరు కట్టిన్రు?"

"నేనే తమ్ముడూ, నీళ్లు కారుతుంటే..."

"కుక్కరు సేఫ్టీ వాల్వుకు బిరడా కొడతవా అక్కా?"

అంతే, నాకు చెమటలు పట్టాయి. నీళ్లు వేడెక్కితే పరిమాణం పెరుగుతుంది. ఆ పెరిగిన ఒత్తిడి పోవడానికే వాల్వులోంచి నాలుగు చుక్కలు బయటికి వస్తాయి. దాన్ని మూసేశాక, వేడి చాలనగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా పాడైతే ట్యాంకు పేలిపోవచ్చు. ఆ ట్యాంకు కిందే నా పిల్లలు రోజూ స్నానం చేశారు.

తర్వాత మెయిన్ ఆపి, నీళ్లన్నీ వంపి, కాయిల్ బయటికి తీశాడు. దానిమీద వేలెడు మందాన తెల్లటి పెచ్చు. ట్యాంకు అడుగు నుంచి స్టీలు గిన్నె నిండా సున్నపు పెంకులు! మా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదని, తాగే నల్లా నీళ్లలోనే ఉడికిస్తామని నాకు తెలుసు. ఆ సున్నమే కాగినప్పుడు కాయిల్‌ను పట్టుకుంటుందని మాత్రం తట్టలేదు. ముద్దపప్పు అడుగున ఆవిరి చిక్కి టప్ టప్ మని ఎగురుతుందే, అలాగే పెచ్చు కింద చిక్కిన నీళ్లు మరిగి బుడగలై పగులుతాయి. ఆ చప్పుడే అత్తమ్మ విన్న గొణుగుడు. అలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది, పగిలితే నీళ్లలోకి కరెంటు కూడా రావచ్చు.

నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో కాయిల్ నానబెట్టి పెచ్చు వదిలించాడు. వాల్వు కొత్తది వేశాడు. గొట్టానికి పైపు తగిలించి కాలువ దాకా వదిలాడు. గచ్చు తడి సమస్యకు ఇంత తేలిక ఉపాయం ఉండగా నేను చేసిన ఘనకార్యం చూడండి!

మీకూ బోరు నీళ్లే అయితే ఏడాదికోసారి, చలికాలానికి ముందే గీజరు శుభ్రం చేయించండి. మీరు మాత్రం విప్పకండి. వేడి 55, 60 డిగ్రీలు దాటనివ్వకండి. స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆపండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారితే భయం లేదు. ఆగకుండా కారుతుంటే మాత్రం మనిషిని పిలవండి.

ఆ మర్నాడు అత్తమ్మను పక్కన నిలబెట్టుకుని స్విచ్ వేశాను. చెవి పెట్టి విని, "ఇప్పుడు మంచిగున్నది బిడ్డా" అని నవ్వింది. ఇంట్లో పెద్దవాళ్లు భయమేస్తోందంటే "ఏం కాదులే" అనేస్తుంటాం. అనేముందు మనమూ ఒకసారి చెవి పెట్టి వింటే పోయేదేముంది?