నగిషీ లేని తుపాకి

తుపాకి అనగానే మనకు పోలీసు గుర్తొస్తాడు, లేదంటే సినిమా గుర్తొస్తుంది. ఇక నాటు తుపాకి అంటే చెప్పనే అక్కర్లేదు. పేపర్లో జిల్లా పేజీలో 'నాటు తుపాకి స్వాధీనం' అని రెండు ముక్కల వార్త. దాన్ని చేసిన మనిషెవరో, ఎన్నాళ్లు చేశాడో, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఎవరికీ పట్టదు. నాకూ పట్టేది కాదు... అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం తూర్పు కొసన, అపలాచియన్ కొండల పక్కన మేం ఇల్లు కొనుక్కోకపోతే.

మా పక్కింటి పెద్దాయనకు డెబ్భై ఆరేళ్లు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇంటి వెనక చిన్న షెడ్డు. అందులో తుపాకులు చేస్తాడు. ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు. మందూ గుండూ రెండూ గొట్టం మూతిలోంచే కూరాల్సిన పాతకాలపు రైఫిళ్లవి. ముందు తుపాకిమందు పోయాలి. జిడ్డు రాసిన గుడ్డపేలికలో సీసపు గుండు పెట్టి కర్రతో లోపలికి నెట్టాలి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి వెళ్లి ఉక్కు రేకుకు కొట్టుకుంటుంది. ఆ నిప్పురవ్వ పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు మీద పడి, సన్నటి బెజ్జం గుండా లోపలి మందును అంటుకుంటుంది.

మన నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని గొట్టం లోపల మాత్రం మెలిక తిరిగిన గాళ్లుంటాయి. ఆ గాళ్ల వల్ల గుండు గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడుతుంది చూడండి, అలాగే తిరిగే గుండు దారి తప్పకుండా పోతుంది. రైఫిల్‌కూ మామూలు తుపాకికీ తేడా అదే.

18వ శతాబ్దంలో జర్మనీ నుంచి పెన్సిల్వేనియాకు వలస వచ్చిన పనివాళ్లు ఈ విద్య తెచ్చారు. వాళ్ల దేశపు పొట్టి, లావు రైఫిల్‌ను ఇక్కడి అడవులకు తగ్గట్టు సన్నగా, పొడుగ్గా మార్చారు. గుండు చిన్నదైతే సీసమూ మందూ కలిసొస్తాయి. ఆ పెన్సిల్వేనియా తుపాకులకు ఇత్తడి రేకులు, చెక్కుడు పూలు, వెండి చుక్కలు ఉండేవి. జనం దక్షిణంగా కొండల్లోకి దిగేకొద్దీ ఆ సొగసులు రాలిపోయాయి. కొండరైతు దగ్గర ఇత్తడికి డబ్బులెక్కడివి? కొలిమిలో సాగదీసిన ఇనుమే బిగించారు. పేలికలకు రాసే కొవ్వు దాచుకోవడానికి ఇత్తడి మూత పెట్టె బదులు చెక్కలోనే చిన్న గుంట తొలిచారు. చెక్కుడు లేదు, మెరుపు లేదు. తర్వాతి కాలంలో పాత తుపాకులు సేకరించేవాళ్లు మరీ సాదాగా ఉన్నవాటికి 'పూర్ బాయ్' అని పేరు పెట్టారు. పేదోడి తుపాకి అన్నమాట!

మా పెద్దాయన చేసేవి అవే. 'నగిషీ చెక్కడం రాకనా?' అని ఒకసారి అడిగాను. నవ్వి, రెండు తుపాకులు గోడకు ఆనించి నిలబెట్టాడు. 'పువ్వు చెక్కితే నీ కన్ను పువ్వు మీదికి పోతుంది. ఏమీ లేకపోతే వంకర ఎక్కడుందో వెంటనే దొరికిపోతుంది. దాచుకోవడానికి చోటుండదు' అన్నాడు.

రెండేళ్ల కిందట మా నాన్న ఆర్నెల్లు ఉండి పోదామని ఇక్కడికి వచ్చాడు. మాది ప్రకాశం జిల్లాలో వడ్రంగి కుటుంబం. నాన్న చేతి నాగళ్లు, గొర్లు, బండి చక్రాలు చుట్టుపక్కల నాలుగూళ్లలో తిరిగేవి. కళ్లం అయ్యాక రైతులు ఏడాదికోసారి మేర కొలిచేవాళ్లు. మొదట టైరు బండి వచ్చింది, ఆ వెనక ట్రాక్టర్ వచ్చింది. నాన్న తలుపులూ కిటికీలూ చేయడం మొదలుపెట్టాడు. తర్వాత రెడీమేడ్ తలుపులొచ్చాయి. పాక మూతపడింది. ఆయన దాని గురించి ఎప్పుడూ బాధగా మాట్లాడగా నేను వినలేదు. అసలు మాట్లాడగానే వినలేదు.

ఇక్కడికొచ్చిన నాలుగోరోజు షెడ్డులోంచి సుత్తి చప్పుడు విని లుంగీతోనే కంచె దాకా వెళ్లి నిలబడ్డాడు. పెద్దాయన చెయ్యూపి లోపలికి పిలిచాడు. ఈయనకు ఇంగ్లిష్ రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో నేను దుబాసీగా కూర్చోవాలనుకున్నాను గానీ, నా అవసరం పెద్దగా పడలేదు.

అప్పుడు చేస్తున్నది మేపుల్ చెక్క తుపాకి. మనవరాలికట. ఆ పిల్లకు పదహారేళ్లు. 'ఆడపిల్లకి తుపాకీ చేస్తన్నాడా!' అని నాన్న ఆశ్చర్యపోయాడు. ఆ మాట చెబితే పెద్దాయన మేరీ ప్యాటన్ కథ చెప్పాడు. మా ఊరికి దగ్గరలోనే, ఎలిజబెత్‌టన్ వైపు ఒక వాగు ఒడ్డున ఆమె తుపాకిమందు తయారు చేసేది. 1780 సెప్టెంబర్‌లో బ్రిటిష్ పక్షం మీద యుద్ధానికి సికమోర్ షోల్స్ దగ్గర కొండజనం పోగయ్యారు. వాళ్లకు అయిదు వందల పౌండ్ల మందు ఇచ్చింది ఆమే అంటారు. అక్టోబర్ 7న కింగ్స్ మౌంటెన్ దగ్గర గెలిచినవాళ్ల చేతుల్లో ఉన్నవి ఇలాంటి పొడుగు రైఫిళ్లే. నాన్న అంతా విని, 'అయితే చెయ్యమను' అన్నాడు, అదేదో తన అనుమతి కోసం ఆగినట్టు!

పెద్దాయన గొట్టమూ, చెకుముకి యంత్రమూ కొనుక్కుంటాడు. ఇందులో దాపరికం లేదు. పాతకాలపు కొండ పనివాళ్లు కూడా చాలామంది ఆ యంత్రాన్ని దుకాణంలో కొనేవాళ్లు. ఎక్కువగా అవి ఇంగ్లండ్ సరుకు. గొట్టం కూడా చేత్తో చేయొచ్చు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు ఊరిని నిలబెట్టి ఉంచారు. అక్కడి తుపాకి పనివాడు వాలెస్ గస్లర్ 1960ల్లో ఇనుప పట్టీ దగ్గర మొదలుపెట్టి పూర్తి రైఫిల్ చేసి చూపిస్తే సినిమా తీశారు. పెద్దాయన దాన్ని మా నాన్నకు చూపించాడు. ఎర్రగా కాలిన పట్టీని కడ్డీ చుట్టూ తిప్పి, కాస్త కాస్తగా అతుకుతూ గొట్టం చేస్తారు. తర్వాత లోపల గాళ్లు కోయాలి. చిన్న రంపపు పళ్లున్న ముక్కను కర్రకు బిగించి, గొట్టంలోకి లాగుతూ తోస్తూ ఒక్కో గాడీ కోస్తారు. గాడి కొంచెం లోతు కావాలంటే ఆ పళ్ల కింద కాగితం ముక్క పెట్టి ఎత్తు పెంచుతారు. అక్కడ నాన్న సినిమా ఆపించాడు. 'కాయితం ముక్కేనా? మేం కూడా అంతే గదరా!' అన్నాడు.

ఆ రోజు నుంచి నాన్న రోజూ షెడ్డుకు పోవడం మొదలైంది.

గొట్టానికి ఎనిమిది పలకలుంటాయి. పొడుగు 42 అంగుళాలు. అందులో కింది సగం చెక్కలోకి దిగాలి, వెంట్రుక సందు లేకుండా. అందుకు గొట్టానికి మసి పూసి చెక్కలో నొక్కుతారు. తీసి చూస్తే ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడ ఎత్తున్నట్టు. అక్కడ మాత్రమే ఉలితో పొరలా తీయాలి. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం. తొందరపడి ఎక్కువ తీస్తే మళ్లీ పెట్టలేం. పెద్దాయన చేతికి ఈ మధ్య వణుకొచ్చింది. ఉలి పట్టుకున్నప్పుడు తెలుస్తోంది. నాన్న చెయ్యి చాచాడు. ఆయన ఒక్క క్షణం చూసి ఉలి ఇచ్చేశాడు. నాన్న ముందు దాని పదును బొటనవేలితో చూశాడు, నచ్చలేదు, రాయి అడిగి నూరుకున్నాడు. పెద్దాయన ఏమీ అనుకోలేదు.

అన్నిటికన్నా భయం గజం కర్ర బెజ్జం. గుండును నెట్టే కర్ర గొట్టం కింద దాగి ఉండాలి కదా. దానికోసం చెక్కలో అడుగుకు పైగా పొడవైన సన్నటి బెజ్జం వేయాలి. పైన గొట్టానికీ దానికీ మధ్య మిగిలేది పలచటి చెక్క పొర. లోపల బరమా ఎటు పోతోందో కంటికి కనపడదు. చెక్క నార పక్కకు లాగితే బరమా కూడా అటే పోతుంది. పక్కకు పొడుచుకొచ్చిందా, రెండు నెలల పని పొయ్యిలోకే. ఆ మధ్యాహ్నం పెద్దాయన బరమా తిప్పుతుంటే, మనవరాలు పైనుంచి వరుస చూసింది. నాన్న మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి పక్కనుంచి చూశాడు. చెయ్యి ఇటు కదిపితే ఇటు, అటు కదిపితే అటు. నేను పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాను. బరమా చేరాల్సిన చోటికే చేరింది. ముగ్గురూ ఏమీ మాట్లాడకుండా మంచినీళ్లు తాగారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను, 'చూశావా నాన్నా, ఇక్కడివాళ్లు పాత పనికి ఎంత విలువిస్తారో' అన్నాను. నాన్నకు కోపమొచ్చింది.

'ఈయనకి పెన్షనొస్తది. కూడు దీని మీద లేదు. నచ్చకపోతే పక్కన పెట్టి పడుకుంటాడు. మనకట్టా కుదిరిద్దా? రైతు పొద్దున్నే వచ్చి కూచుంటే సాయంత్రానికి నాగలి ఇయ్యాల. విలువ లేక పోలేదు మన పని. కొనేవాడు లేక పోయింది. కొనేవాడుంటే పనివాడుంటాడు.'

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట పట్టుకుని తర్వాత చాలా చదివాను. నాన్న చెప్పిందే నిజమనిపించింది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత తూటా తుపాకులు చవగ్గా వచ్చి, ఈ చేతి పనిని దాదాపు ముంచేశాయి. అయినా ఈ కొండల్లో పూర్తిగా పోలేదు. ఎందుకంటే వాడకం పోలేదు. గురి పోటీలు జరిగేవి. గెలిచినవాడికి మాంసంలో మంచి భాగం. మొదటి ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న ఆల్విన్ యార్క్ ఈ రాష్ట్రంవాడే. అతను ఇలాంటి పోటీల మధ్య పెరిగినవాడే. 1931లో ఒహాయోలోని పోర్ట్స్‌మౌత్‌లో కొందరు సరదాపరులు పాత రైఫిళ్లతో పోటీ పెట్టారు. 1933లో జాతీయ సంఘం ఏర్పడింది. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే పల్లె వాళ్ల పోటీలకు స్థిరమైన చోటైంది. పోటీకి తుపాకి కావాలి. తుపాకి కావాలంటే చేసేవాడు కావాలి. అలా వెతుక్కుంటూ పోతే హ్యాకర్ మార్టిన్ లాంటి టెనెస్సీ పనివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. జార్జియా కొండల్లో బడిపిల్లలు 1966లో మొదలుపెట్టిన 'ఫాక్స్‌ఫైర్' పత్రిక ఊరి పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల పనులన్నీ రాసుకుంది. 1979లో వచ్చిన అయిదో పుస్తకంలో చెకుముకి రైఫిళ్ల పని కూడా ఉంది. ఈ రోజుకూ టెనెస్సీలో జింకల వేటకు మూతి నుంచి మందు కూరే తుపాకులకని విడిగా రోజులు కేటాయిస్తారు.

అంటే పని దానంతటది బతకలేదు. వాడేవాడున్నాడు, కొనేవాడొచ్చాడు, రాసుకున్నవాడున్నాడు. ఇవన్నీ తెలిసినవాడు పోకముందే జరిగాయి. అదొక్కటే అదృష్టం.

తుపాకి నవంబర్ నాటికి తయారైంది. ఇనుముకు కావాలనే తడి తగిలించి తుప్పు పట్టించారు, తుడిచారు, మళ్లీ పట్టించారు. చివరికి గొట్టం బెల్లం రంగుకొచ్చింది. చెక్కకు అవిసె నూనె పట్టించారు. మొదటి పేల్పు మాత్రం చేతుల్లో పెట్టుకుని చేయరు. పాత టైరుకు కట్టి, పొడుగు దారంతో చెట్టు చాటు నుంచి ట్రిగ్గర్ లాగారు. కొండ మారుమోగింది. తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన. గొట్టమంతా తడిమి చూసి, బాగుందని తేల్చాక పిల్ల చేతికిచ్చారు. యాభై గజాల దూరంలో చెక్కకు గుచ్చిన కాగితం. మూడు గుళ్లూ కాగితం మీదే పడ్డాయి. నాన్న మాత్రం కాగితం వంక చూడలేదు. తుపాకి తీసుకుని గొట్టం దిగిన చోట గోరు పెట్టి పొడుగునా లాగాడు. గోరు ఎక్కడా పట్టలేదు. పెద్దాయన ఆ గోరునే చూస్తున్నాడు.

తిరిగి వెళ్లే ముందు వారం రోజులు నాన్నను కూర్చోబెట్టి బండి చక్రం గురించి రాసుకున్నాను. 'ఎందుకురా, ఎవుడు కొంటాడు?' అంటూనే చెప్పాడు. నల్లతుమ్మ ఎప్పుడు నరకాలి, ఎన్నాళ్లు ఆరాలి, పన్నెండు ఆకులకు ఆరు పూటీలు, కుండకు బెజ్జాలు ఏ వాలున తొలవాలి, ఇనుప పట్టా చక్రం కన్నా ఎంత తక్కువ ఉంటే కాల్చి ఎక్కించాక బిగుస్తుంది... కొన్నిటికి అంగుళాల లెక్క లేదు. వేళ్ల మధ్య సందు చూపించి 'ఇంత' అన్నాడు. ఆ సందును స్కేలు పెట్టి కొలుచుకున్నాను. నోట్‌బుక్‌లో ముప్ఫై ఒక్క పేజీలు వచ్చాయి.

మీ ఊళ్లో కొలిమి దగ్గరో, వడ్రంగి పాకలోనో, మగ్గం గుంట దగ్గరో ఇంకా ఒక పెద్దాయన మిగిలి ఉంటే, ఈసారి పండక్కి వెళ్లినప్పుడు కాసేపు కూర్చుని అడగండి. నాలుగు కొలతలు రాసుకున్నా చాలు. కొనేవాణ్ని తర్వాతైనా వెతకొచ్చు. చెప్పేవాణ్ని వెతకలేం.