దిగుదారిలో దిగుబడి

తిరుమల కొండ ఎక్కడాన్ని గురించి మనవాళ్ళు చెప్పుకున్నంతగా దిగడాన్ని గురించి చెప్పుకోరు. ఎక్కేటప్పుడు నోట గోవిందనామం, మనస్సులో దర్శనం ధ్యాస. దిగేటప్పుడు ఒళ్ళో లడ్డూల సంచి, కళ్ళ మీద నిద్ర. కాని బండి నడిపేవాడికి అసలు పరీక్ష దిగుడులోనే వున్నది.

కొండకు రెండు ఘాటు రోడ్లున్న సంగతి పాఠకులకు తెలిసిందే. 1974లో వచ్చిన రెండవ రోడ్డు మీద ఎక్కుతాము. 1944 నాటి పాత రోడ్డు మీద దిగుతాము. ఈ పాత రోడ్డు సుమారు 19 కిలోమీటర్ల పొడుగున, మెలిక మీద మెలిక తిరుగుతూ అలిపిరికి చేరుతుంది. పెట్రోలు బండిలో దిగేవాళ్ళకు పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒకటే: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. అంటే, బండిని ఇంజనే పట్టి నిలపాలి. ఆ మాట వినక బ్రేకు మీదే కాలు పెట్టి దిగినవాళ్ళ చక్రాల దగ్గర కాలిన వాసన ఆ దారిలో నేను చాలాసార్లు పీల్చాను. అతిగా వేడెక్కిన బ్రేకు అవసరానికి పట్టదు. ఆ వాసనకు అర్థం అది.

మా కరెంటు కారులో మార్చుకోవడానికి గేర్లు లేవు. మరి కొండ దిగడమెట్లా అని బంధువులంతా అడిగారు. యాక్సిలరేటరు మీది కాలు కొంచెం పైకి తీస్తే చాలు, వెనకనుంచి ఎవరో పమిట కొంగు పట్టుకుని లాగినట్లు బండి నెమ్మదిస్తుంది. బ్రేకు ముట్టుకోనక్కరలేదు. ఇంకొంచెం తీస్తే పట్టు ఇంకొంచెం బిగుస్తుంది. దీన్నే ఇంగ్లీషులో రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటున్నారు.

పేరు గంభీరమే గాని, సంగతి మనం చిన్నప్పుడు చూసినదే. సైకిలుకు డైనమో వుండేది. దాన్ని చక్రానికి ఆనిస్తే దీపం వెలిగేది. అదే క్షణాన పెడలు బరువెక్కేది. వెలుగు ఊరికే రాదు, చక్రం పరుగులోనుంచి తీసుకుంటుంది. కరెంటు కారులోనూ అంతే. ముందుకు నడిపే మోటారే, కాలు తీయగానే, చక్రాలు తిప్పగా తిరిగే డైనమో అవుతుంది. బండి వేగం తగ్గుతుంది. పుట్టిన కరెంటు బ్యాటరీకి చేరుతుంది. వేడిగా గాలిలో కలిసిపోవలసిన శక్తిలో కొంత ఇంటికి తిరిగి వస్తుందన్నమాట.

అయితే ఈ పట్టుకు ఒక చిక్కున్నది. నడిపేవాడికి ముచ్చటగా వుండేది వెనక కూర్చున్నవాళ్ళకు వుండకపోవచ్చు. కాలు చటుక్కున తీసి, చటుక్కున నొక్కేవాడి బండిలో వెనకవాళ్ళ తలలు గంగిరెద్దు తలల్లా ఊగుతాయి. ఆపైన కడుపులో తిప్పుతుంది. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఘాటు రోడ్డంటే నిమ్మకాయ చేత పట్టనిదే కారెక్కదు. కడుపులో తిప్పుడుకు భయపడి రెండేళ్ళుగా కొండకు రావడమే మానుకున్నది. అందుకే మూడు నెలలపాటు కాలేజీకి పోయే దారిలో రోజూ సాధన చేసి, ఆ తరవాతనే ఆమెను రమ్మన్నాను.

“కాలు తియ్యడమంటే పాల మీద మీగడ తీసినట్టుండాల నాయనా” అన్నది అమ్మ, నా వివరణ అంతా విని. ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. మలుపు కనబడగానే, దానికి చాలా ముందే, కాలు మెల్లగా తీయాలి. మలుపు మధ్యకు వచ్చేసరికి బండి తనంతట తానే నడకకు దిగుతుంది. నడకదారి రోడ్డు పక్కనే సాగే చోట భక్తుల పాదాల చప్పుడు కూడా వినిపించింది. మా బండిలో రొద లేదు కదా! అలిపిరి దగ్గర అమ్మ గుప్పిట విప్పి చూసుకున్నది. నిమ్మకాయ వాసన చూడకుండానే మిగిలిపోయింది.

ఇక లెక్క చెప్పాలి. ఎక్కేటప్పుడు బ్యాటరీ నూటికి 76 నుంచి 63కు దిగింది. దిగేటప్పుడు 63 నుంచి 67కు ఎక్కింది. పదమూడు ఇచ్చి నాలుగు పుచ్చుకున్నాము. “కొండ ఎక్కిన కరెంటంతా దిగేటప్పుడు వచ్చేస్తుందట” అనేవాళ్ళను నమ్మకండి. టైర్ల రాపిడికి, గాలికి, మోటారులో వేడికి పోయినది పోయినట్లే. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని 700 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే, రాపిడి సంగతి అటుంచి, ఎత్తడానికే మూడు యూనిట్లకు పైగా కావాలి. అందులో సగమైనా తిరిగి వస్తే లాభమే.

మరొక్క హెచ్చరిక. కొండమీద బ్యాటరీని నిండా నింపుకుని దిగకూడదు. నిండిన కుండలో నీళ్ళు పోయలేము. నిండిన బ్యాటరీ కరెంటు పుచ్చుకోదు. అప్పుడు ఆ వెనక పట్టు బాగా తగ్గిపోయి, కాలు తీసినా బండి జారుతూనే వుంటుంది. అలవాటుపడ్డ కాలికి అది పెద్ద అపాయం. బండి ఏదైనా సరే, ఎవరైనా హఠాత్తుగా అడ్డం వస్తే తొక్కవలసింది అసలు బ్రేకునే.

ఊళ్ళో ఈ పట్టు ఇంకా ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఎర్రదీపం దూరాన కనబడగానే కాలు సడలించడం, ముందరి ఆటోకు నాలుగు గజాలు ఎడం ఇవ్వడం, ఆవు లేచి పోయేదాకా ఓపిక పట్టడం, ఇవన్నీ క్రమంగా కాలికి అలవాటవుతాయి. వచ్చే శనివారం మళ్ళీ కొండకు పోదామని అమ్మే అడిగింది.