అరవై వేల ఆట

నోటుబుక్కులోంచి చింపిన కాగితం. దానిమీద ఎనిమిది వస్తువుల పేర్లు, పక్కన ధరలు. కింద గీత గీసి మొత్తం... 59,700. ఆ కాగితాన్ని తండ్రి ముందు పెట్టి, ఏమంటాడోనని పక్కనే నిలబడ్డాడు కొడుకు.

2023 జూన్. జనగామలో చిన్న మోటారు వైండింగ్ షాపు అది. ఎండాకాలమంతా కాలిపోయి వచ్చిన బోరు మోటార్లు ఓ మూల, రాగి తీగ చుట్టలు ఇంకో మూల, గదంతా వార్నిష్ వాసన. పదో తరగతి దాటాక కొడుకు ఆ షాపు గడప తొక్కడమే మానేశాడు. వాసన పడదట! అలాంటిది ఆ రోజు తనంతట తానే వచ్చాడు. వచ్చాడంటే పనుండే వచ్చుంటాడని మేస్త్రికి తెలియదా?

ఇంటర్ అయిపోయింది. ఎంసెట్ ర్యాంకూ వచ్చింది. ఇంజినీరింగ్‌లో చేరేలోపు కంప్యూటర్ కొనిస్తానని తండ్రి మాటిచ్చాడు. అందుకోసమే రెండేళ్లుగా కడుతున్న చిట్టీ పాడితే చేతికి అరవై వేలొచ్చాయి. అందులోంచి ఒక్క రూపాయి దాటినా అప్పే.

లాప్‌టాప్ కొనమని మేనమామ సలహా. హాస్టల్‌కి తీసుకెళ్లొచ్చు, సంచిలో పెట్టుకోవచ్చు. కుర్రాడు మాత్రం విడిభాగాలు కొని తానే బిగించుకుంటానంటాడు. కాలేజీకి ఇంటి నుంచే వెళ్లొస్తానని, అదే డబ్బుకి డెస్క్‌టాప్ అయితే రెట్టింపు పనిచేస్తుందని, ఏదైనా పాతబడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చని వాదన. అన్నీ నిజాలే. కానీ తల్లి అడిగింది వేరే ప్రశ్న.

‘‘చదువుకా, ఆటలకా?’’

‘‘ఆటలకేనమ్మా. చదువుకూ పనికొస్తది.’’

‘‘ఆటలకు అరవై వేలా!’’ అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రికి మాత్రం ఆ జవాబు నచ్చింది. ప్రాజెక్టులనీ కోడింగ్ అనీ చెప్పి ఒప్పించగలిగీ, ఉన్నమాట చెప్పాడు కదా అనుకున్నాడు.

ఎనిమిది నెలలుగా యూట్యూబ్ చూసి చూసి తయారుచేసిన చిట్టా అది. ఆటల కంప్యూటర్‌లో డబ్బులో మూడో వంతుకు పైగా గ్రాఫిక్స్ కార్డే మింగేస్తుంది. తెరమీద బొమ్మను సెకనుకు అరవైసార్లో, వందసార్లో గీసేది అదే మరి. ప్రాసెసర్ దానికి తగ్గట్టు ఉంటే చాలు. మన ఊళ్లలో ఇప్పటికీ ‘ఐ7 ఉందా?’ అని అడిగితేనే గొప్ప. ఈ కుర్రాడు రాసుకున్నది ఐ3... 12100ఎఫ్. 2022లో వచ్చిన ఆ చిన్న చిప్పులోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2013 నాటి ఐ7 4770లోనూ సరిగ్గా అంతే. పైగా కొత్తది దానికంటే వేగం. పేరులోని అంకె కాదు, ఏ తరానిదన్నది చూడాలి. ఆ సంగతి తెలియక మోసపోయేవాళ్లు ఎందరో!

ఎనిమిది జీబీ ర్యామ్ ముక్కలు రెండు. పదహారుది ఒకటే కొనొచ్చు కదా అంటే, రెండుంటే రెండు దారుల్లో డేటా నడుస్తుందట. ఆ రెండూ కలిపి అప్పుడు 3,400 రూపాయలు. (ఇప్పుడా ధర తలుచుకుంటే కడుపు రగులుతుంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఊడ్చుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి.) 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఒక్కటే 150 జీబీ అడుగుతుంది కాబట్టి మూడు పెద్ద ఆటలకే అది నిండిపోతుంది. తెలిసే రాజీపడ్డాడు. మానిటర్ బదులు హాల్లో టీవీ వాడుకుంటానని మొదట అనుకున్నాడు కానీ, సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఆ టీవీ ఎవరిదో గుర్తొచ్చి 7,800 పెట్టి 24 అంగుళాలది రాసుకున్నాడు.

ఆ చిట్టాకు ప్రాణం ఆర్‌టీఎక్స్ 3060. పన్నెండు జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు. ధర 26,500. దాన్ని ఎలాగోలా ఇరికించడానికి మిగతావన్నీ తగ్గించుకుంటూ వచ్చాడు. అన్నిటికంటే ఎక్కువ తగ్గింది ఎస్‌ఎంపీఎస్. గోడ కరెంటును పన్నెండు వోల్టులకు, అయిదు వోల్టులకు మార్చి లోపలి భాగాలకు పంచే ఇనప డబ్బా. దాని పక్కన రాసింది 1,100.

మేస్త్రి చూపు ఆ ఒక్క వరుస దగ్గరే ఆగింది. కానీ ఏమీ అనలేదు. ‘‘ఆదివారం పోదాం’’ అన్నాడంతే... ఆదివారం సగం షాపులు మూసే ఉంటాయని కొడుకు గుర్తుచేస్తే శనివారానికి మార్చాడు.

పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగారు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో, జంటనగరాలకు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ అలాగ. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లు తీసుకెళ్లి దింపుతారు. ఇరవై ఏళ్ల కిందట ఇంట్లోకి మొదటి కంప్యూటర్ అక్కడి నుంచే తెచ్చుకున్న కుటుంబాలు మన దగ్గర తక్కువేం కాదు.

మొదటి షాపులోనే ఆశపెట్టారు. ‘‘అన్నా, ఈ లిస్టంతా ఎందుకు? ఐ7 గేమింగ్ పీసీ, నాలుగు జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్లు... అన్నీ కలిపి ముప్ఫై వేలు.’’ సగానికి సగం మిగులుతుంది! మేస్త్రి కొడుకు వంక చూశాడు. కొడుకు ఒకే ప్రశ్న అడిగాడు: ‘‘ఐ7 ఏ జనరేషన్ అన్నా?’’ నాలుగో తరం. కార్డు జీటీ 730. 2014లో వచ్చిన కార్డు అది. దానికి ఎంత మెమరీ తగిలించినా కొత్త ఆటల్ని లాగలేదు. చిన్న చెరువుకు పెద్ద గట్టు కట్టినట్టు. కొడుకు థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు. ముప్ఫై వేలు మిగిలే బేరాన్ని పద్దెనిమిదేళ్ల పిల్లాడు అర నిమిషంలో వద్దనడం చూసి, వీడు ఊరికే టైంపాస్ చేయలేదని తండ్రికి మొదటిసారి అనిపించింది.

రెండో షాపులో చిట్టా ప్రకారం ఒక్కొక్కటీ బల్లమీదికి వచ్చాయి. బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తామన్నారు. వారంటీకి వెళ్లినప్పుడు ముందు అడిగేది బిల్లే కదా... వద్దన్నారు. చివర్లో ఎస్‌ఎంపీఎస్ వచ్చింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు.

మేస్త్రి దాన్ని అరచేతిలోకి తీసుకుని కూరగాయల బరువు చూసినట్టు చూశాడు.

‘‘ఇదేందిరా, ఇంత తేలిగ్గున్నది?’’

లోపల రాగి ఎంత ఉందో బరువు చెబుతుంది. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్న మనిషికి అది ఇంకొకరు చెప్పక్కర్లేదు. ప్లేటు మీద 5 హెచ్‌పీ అని ఉండి, విప్పితే మూడుకు కూడా చాలని తీగ ఉన్నవి ఎన్ని చూశాడో! డబ్బాను తిప్పి పక్కనున్న పట్టీ చదివాడు. కళ్లద్దాలు లేక కాస్త దూరంగా పట్టుకుని మరీ.

‘‘పన్నెండు వోల్టులకు పదహారు ఆంపియర్లు. గుణించు బిడ్డా.’’

‘‘నూట తొంభై రెండు.’’

‘‘మరి మీద 450 అని ఎందుకు రాసుకున్నడు? సరే, నీ కార్డు ఎంత లాగుతది?’’

‘‘170 వాట్లు.’’

‘‘ప్రాసెసర్?’’

‘‘ఎక్కువలో ఎక్కువ 89.’’

రెండూ ఆ పన్నెండు వోల్టుల తీగలోంచే తాగుతాయి. మొత్తం 259. ఇచ్చేది 192. కొడుకు లెక్క కట్టాడు గానీ నోరు మెదపలేదు. నిజానికి ఆ సంగతి వాడికి తెలియంది కాదు. ‘మొదట్లో దీంతో నడిపిద్దాం, తర్వాత మారుద్దాం’ అని తనకు తానే చెప్పుకున్నాడు. బడ్జెట్‌లో కంప్యూటర్ కట్టే ప్రతి ఒక్కరూ చెప్పుకునే మాటే అది. ఎస్‌ఎంపీఎస్ మంచిదైతే ఆట ఒక్క ఫ్రేము కూడా ఎక్కువ రాదు. స్నేహితులకు చూపించుకోవడానికీ ఏమీ ఉండదు. అందుకే కోత పడాల్సి వస్తే ముందు దాని మీదే పడుతుంది.

షాపతను ఇంకొకటి తెచ్చాడు. 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు. లాగిన కరెంటులో కనీసం 80 శాతం పనికొస్తుందని, మిగిలిందే వేడిగా పోతుందని ఆ గుర్తుకు అర్థం. ధర 4,100. మేస్త్రి చేతికి అది బరువుగా తగిలింది.

‘‘అదైతే 3060 రాదు డాడీ.’’

అదీ అసలు చిక్కు. మూడు వేలు పెరిగితే మొత్తం 62,700. జేబులో ఉన్నవి అరవై వేలే. మేస్త్రి బతిమాలలేదు, కసరలేదు. ‘‘నీ ఇష్టం. కానీ ఒకటి. మోటారు కాలితే మళ్ల చుడత. ఇది కాలితే నేనేం చెయ్యలేను’’ అని, డబ్బున్న కవరు కొడుకు చేతికిచ్చి మెట్ల దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

ఎనిమిది నెలల కల. పేరు కూడా అందరికీ చెప్పేసుకున్నాడు. పావుగంట సేపు కుర్రాడు ఆ రెండు డబ్బాల మధ్య కూర్చున్నాడు. జనగామలో సాయంత్రం అయ్యేసరికి వోల్టేజీ ఎలా పడిపోతుందో, ఆ దెబ్బకు కాలిన మోటార్లు తమ షాపుకి ఎన్ని వస్తాయో వాడికి తెలియదా! చివరికి లేచి షాపతన్ని అడిగాడు... ‘‘ఆర్‌ఎక్స్ 6600 ఎంతుంది?’’

ఏఎండీ కార్డు. మెమరీ ఎనిమిది జీబీ. వెలుగునీడల్ని సహజంగా చూపించే రే ట్రేసింగ్‌లో 3060 ముందు వెనకబడుతుంది. ఆ ఒక్కటి పక్కన పెడితే, ఫుల్ హెచ్‌డీ తెరమీద మామూలు ఆటల్లో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. లాగేది 132 వాట్లే. ధర 20,800. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి మొత్తం 57,000 అయింది. ఇంకో వెయ్యితో కీబోర్డు, మౌస్. తిరుగు రైల్లో క్యాబినెట్ అట్టపెట్టె తండ్రి ఒడిలో, గ్రాఫిక్స్ కార్డు కొడుకు ఒడిలో. స్టేషన్ దాటాక కూడా చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మిగిలిన రెండు వేలకు మేస్త్రి దగ్గర ముందే లెక్కుంది. పాత ఇల్లు, ప్లగ్గుల్లో ఎర్తింగ్ లేదు. ఎర్తింగ్ లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడల్లా చేతికి జిల్లుమంటుంది. పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోసి తీగ లాక్కొచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. ఆ తర్వాతే అట్టపెట్టెలు విప్పనిచ్చాడు.

బిగించింది కొడుకే. ప్రాసెసర్ మీది బాణం గుర్తు చూసి కూర్చోబెట్టడం, ర్యామ్ టక్కుమనేదాకా నొక్కడం... అన్నీ నెమ్మదిగా. చిన్న స్క్రూలు మాత్రం వేళ్లలోంచి జారి పడుతుంటే, ‘‘అయస్కాంతం పట్టించినది ఉండాలె’’ అని తండ్రి తన స్క్రూడ్రైవర్ అందించాడు. సాయంత్రం ఆరు దాటాక బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. ర్యామ్ తీసి పెట్టాడు. మళ్లీ నలుపే. కార్డు తీసి పెట్టాడు. నలుపే. తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక్క మాటా అనలేదు. అదింకా కష్టంగా ఉంది.

‘‘టీవీ తీగ ఎక్కడ పెట్టినవ్?’’ అన్నాడు మేస్త్రి. కాలిన మోటారు వచ్చినా ఆయన మొదట చూసేది లోపల కాదు, తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందనే. కొడుకు వెనక్కి వంగి చూశాడు. మానిటర్ తీగ మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంది! ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందంటే బొమ్మ చూపించే భాగం దాన్లో లేదనే. అది తెలిసే, అందుకు ధర తగ్గుతుందనే కదా కొన్నది! నాలుగు వేళ్ల కిందకు, గ్రాఫిక్స్ కార్డు సాకెట్‌లోకి మార్చాడు. తెర వెలిగింది.

ఆటలు దిగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మంగళవారం రాత్రి మేస్త్రి షాపు నుంచి టాంగ్ టెస్టర్ తెచ్చాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి వెళ్లే ఫేజు తీగ ఒక్కదాన్నే విడదీసి, దాని దవడల మధ్య పెట్టాడు. తెర మీద కొండల మధ్య గుర్రం పరుగెడుతోంది. ఇటు టెస్టర్‌లో అంకెలు కదులుతున్నాయి. ఒకటి... ఒకటికి కాస్త అటూ ఇటూ.

‘‘ఒక్క ఆంపియరు. మానిటర్‌తో కలిపి 230 వాట్లు’’ అన్నాడు సంతృప్తిగా. తర్వాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. ‘‘విన్నవా? రోజుకు నాలుగు గంటలాడినా ఒక్క యూనిటే కాలుతది!’’

లోపల్నుంచి గిన్నె దించిన చప్పుడు.

‘‘నాలుగు గంటలు ఎవరు ఆడనిస్తరట?’’