దుత్తలూరిలో కాఫీ

గత మాఘమాసమున మా పెదతండ్రిగారి కుమార్తెను చూచి వచ్చుటకై దుత్తలూరు వెళ్ళితిని. నెల్లూరు నుండి పడమటి త్రోవ పట్టినచో సంగము వఱకును కన్నులకు పచ్చదనమే. పెన్నానది కాలువల క్రింద వరిమళ్లు బాటకిరువైపుల నుండును. ఆత్మకూరు దాటిన పిమ్మట నా పచ్చదనము క్రమముగా సన్నగిల్లి, ఎఱ్ఱనేలలు, తుమ్మచెట్లు, మెట్టపైరులు కానవచ్చును. మఱికొంత సేపటికి ఉదయగిరి కొండలు నీలముగా తోచును. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గెలిచికొన్న దుర్గము ఆ కొండపైననే కలదు. ఈ సీమయందు నీటి విలువ నెరుగని ఇల్లాలు లేదు. అయినను నీటిని గూర్చియే నేను వ్రాయవలసి వచ్చునని బయలుదేరునప్పు డనుకొనలేదు. నా సంచిలో నున్నది కాఫీ సరంజామా.

మా అబ్బాయి విదేశము నుండి వచ్చుచు ఫ్రెంచి ప్రెస్సు అను కాఫీ పాత్ర నొకదానిని తెచ్చి యిచ్చెను. అది పొడవైన గాజుకూజా. దాని మూతకు నడుమ నొక కడ్డియు, కడ్డి చివర సన్నని జల్లెడయు నుండును. పొడిని వేడినీటిలో నానబెట్టి, జల్లెడను క్రిందికి నొక్కినచో పొడి అడుగున నిలిచి కాఫీ పైకి తేరును. పేరు ఫ్రెంచిదే, ఫ్రాన్సులో 1852లోనే ఇట్టిదానికి పేటెంటు పుట్టినది; కాని నేటి రూపమునకు దగ్గరగానున్న పాత్రకు 1929లో పేటెంటు పొందినవారు ఇటలీవారు. దీనికి తోడుగా అరకు కాఫీగింజల పొడిని కొంటిని. మన విశాఖమన్యమున గిరిజనులు నీడచెట్ల క్రింద పండించు ఆ అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లోనే పారిసు నగరమున అరకు పేరిట కాఫీ అంగడి వెలసినది. మన కొండల గింజ పారిసు చేరగా, పారిసు పాత్ర దుత్తలూరు చేరుట వింత కాదుగదా!

అక్కయ్య వంటయింట నెంతో సంబరముతో నేను కాఫీ పెట్టితిని. ఇంటిల్లపాదియు చుట్టు నిలిచి చూచిరి. కొలత తప్పలేదు, కాలము తప్పలేదు. అయినను కాఫీ చప్పగా, పేలవముగా నుండెను. పొడి సువాసన ఏ మూలకు పోయెనో తెలియలేదు. అక్కయ్య నా మొగము చూచి నవ్వి, “నీ పారిసు చెంబు కంటె మా ఇత్తడి ఫిల్టరే నయమే చెల్లీ!” అనెను. నేను చిన్నబోయి, నీళ్లు కాచిన గిన్నె కడుగబోతిని. గిన్నె అడుగున సున్నమువలె తెల్లని పొర గట్టియుండెను.

“ఇవి ఏ నీళ్లు?” అని యడిగితిని.

“బోరు నీళ్లు. తాగడానికి ప్లాంటు నుంచి డబ్బా నీళ్లు తెప్పిస్తాము. వంటకూ కాఫీకీ బోరువే. ఎటూ మరగబెడతాముగా, చెడంతా పోతుంది” అనెను.

గట్టినీటి యందలి క్షారము కాఫీలోని సున్నితమైన పులుపును అణచివేయును. అందుచేతనే రుచి చప్పబడినది. అది స్వల్పవిషయము. అంతకంటె పెద్దవిషయ మొకటి కలదు. ఉదయగిరి పరిసరములందలి పెక్కు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్నది. మరుగుటచే క్రిములు నశించునే కాని ఫ్లోరైడు నశింపదు. పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. బట్టతో వడగట్టినను పోదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము.

ఇంతలో అక్కయ్య మనుమరాలు పరుగెత్తుకొని వచ్చెను. ఎనిమిదేండ్ల పిల్ల. నవ్వినంతనే ముందుపండ్లపై గోధుమరంగు చారలు కనబడెను. “పాలలో రెండు చెంచాలు కాఫీ కలిపి ఇస్తాను, ఆ మరకలే. మానిపించాలి” అని అక్కయ్య యనెను. నాకు మనసు నిలువలేదు. మరునాడే పిల్లను ఆత్మకూరు తీసికొనిపోయి దంతవైద్యునకు చూపితిమి. అవి కాఫీ మరకలు కావనియు, శాశ్వతదంతములు చిగుళ్లలో నేర్పడు వయస్సున నీటి ఫ్లోరైడు వలన కలిగిన మచ్చలనియు ఆయన చెప్పెను. ఇప్పుడు నీరు మార్చినను అవి మాసిపోవు. కాని ఇంట రెండేండ్ల చంటివాడు గలడు. వాని దంతముల నింకను కాపాడవచ్చును. త్రోవ పొడుగునను అక్కయ్య పలుకలేదు. ఇల్లు చేరగనే బోరునీటి బిందెను పొయ్యి దగ్గర నుండి తీసి, గిన్నెలు కడుగు చోట పెట్టెను. నాటి నుండి అన్నమునకు, పప్పునకు, కాఫీకి గూడ ఫిల్టరు నీరే.

ఆ సాయంకాలము మరల కాఫీ పెట్టితిని. సోదరీమణులకు ఉపయోగపడునని విధానము వ్రాయుచున్నాను. చికోరీ కలియని కాఫీపొడి కావలెను. అది ఉప్మారవ్వవలె బరకగా నుండవలెను. మెత్తని పొడి జల్లెడను దాటి గ్లాసులోనికి దిగును. రెండు గ్లాసులకు, అనగా 350 మిల్లీలీటర్లకు, 21 గ్రాముల పొడి చాలును. కూజాను ముందుగా వేడినీటితో తొలుపవలెను. నీరు తెర్లినపిదప దించి, అరనిమిషము నిలిపి పొడిపై పోసి, ఒకమారు కలిపి మూతపెట్టవలెను. నాలుగు నిమిషములకు కడ్డిని మెల్లగా నొక్కి, వెంటనే వంచుకొనవలెను. ఆలస్యమైనచో చేదెక్కును. గాజునకు లోహపు చెంచా తగిలిన గీతలు పడును గనుక కఱ్ఱ గరిటె మేలు. అందుకై దూరము పోనక్కరలేదు. ఉదయగిరిలో నర్ది మొదలగు కఱ్ఱలతో చెంచాలు, గరిటెలు చెక్కు కుటుంబములు కలవు. ఆ పనిలో స్త్రీల చేయి చాల గలదు. అక్కయ్య యింట నున్న గరిటె వారు చెక్కినదే.

ఒక్క హెచ్చరిక. ఇట్లు కాచిన కాఫీలో గింజలలోని నూనె నిలిచియుండును. అది కొలెస్టరాలును పెంచును. ఆ బాధ గలవారు కాగితముతో వడగట్టిన కాఫీ త్రాగుట మంచిది.

ఈ మారు గ్లాసు నోటి దగ్గరకు రాకమునుపే సువాసన వచ్చెను. అక్కయ్య పాలు లేకయే ఒక గుక్క త్రాగి, కొంతసే పూరకుండి, “బాగుంది. అయినా గేదెపాలతో నా ఫిల్టరు కాఫీ నేను మాననే” అనెను. మానవలసిన పనియు లేదు. ఆమె ఇత్తడి ఫిల్టరులోనికి గూడ ఇప్పుడు మంచినీరే పోవుచున్నది.

నేను తిరుగుప్రయాణమై బయలుదేరునప్పుడు ఆ పిల్ల నాకొక కఱ్ఱ గరిటె నిచ్చి, నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వినది. ఆ చేతిని మెల్లగా తొలగించి ముద్దాడి వచ్చితిని. సోదరీమణులారా! మీ గ్రామపు బోరునీటిని ఒక్కమారైనను పరీక్ష చేయించుడు. కాఫీ రుచి తరువాత చూచుకొనవచ్చును.