చెప్పని వరుస

మా సామల్పట్టి జోలార్‌పేట - సేలం రైలుమార్గమున నొక చిన్న స్టేషను. 2004లో ధర్మపురి నుండి విడివడిన కృష్ణగిరి జిల్లాలోనిది. ఇచ్చట స్థిరపడిన తెలుగువారి పిల్లలు బడిలో తండ్రిపేరు మొదటి యక్షరమునే తమ పేరునకు ముందు వ్రాసికొందురు. అందుచే ఇంటిపేరు కాగితములపై కనుమరుగగుచున్నది. దానిని నిలుపవలెనను తలంపుతో మేము మా బంధువర్గపు పట్టికను కంప్యూటరున సిద్ధపరచితిమి.

ప్రోగ్రామును జావాలో వ్రాసితిమి. ఇంటిపేరు, పేరు, ఊరు - వీనిని తెచ్చియిచ్చు మెథడులను ఒక్కొక్కటిగా పిలువక, రిఫ్లెక్షను ద్వారా ఆ క్లాసునే "నీయందేమేమి కలవు?" అని యడిగి, అది చెప్పిన వరుసలోనే గడులు నింపితిమి. రిఫ్లెక్షననగా ప్రోగ్రాము తన నిర్మాణమును తానే అద్దమున జూచుకొనుట. మా యింటి విండోస్ యంత్రమున నెన్నిమారులు నడపినను మేము వ్రాసిన వరుసయే వచ్చెను. తృప్తిపడి, అచ్చుకొరకు వేరొకచోట లినక్స్ యంత్రమున నడిపించితిమి, సరిచూడలేదు.

అచ్చయిన కాగితమును మాకు పెద్దనాయన వరుసయగు వృద్ధులొకరు చేతబట్టి, "నాయనా, మన యింటిపేరు యాడికి పాయె?" అనిరి. చూడగా ఇంటిపేరు గడిలో ఊరిపేరున్నది. ప్రతి పుటయందు నట్లే. తలవంచుకొంటిమి.

మొదట లినక్సును నిందించితిమి, తప్పు మాదే. 'గెట్ డిక్లేర్డ్ మెథడ్స్' ఇచ్చు జాబితాకు నిర్దిష్టమైన వరుస లేదని జావా వివరణపత్రములలో స్పష్టముగా వ్రాసియే యున్నది. ఇట్లు మోసపోయినవారము మేమొక్కరమే కాము. 2011లో జావా 7 వెలువడినప్పుడు ఆ వరుస మారి, దానిని నమ్ముకొన్న పరీక్షలనేకము విఫలమయ్యెను. 2012లో జేయూనిట్ 4.11 తన పరీక్షలకు స్థిరమైన వరుసను తానే యేర్పరచుకొనవలసివచ్చెను.

పంక్తిభోజనమున నొక యింట మొదట పాయసము వడ్డింతురు, వేరొక యింట పప్పు. పుట్టింటి వరుసయే అత్తవారింటను ఉండునని యెవరు మాట యిచ్చిరి? ఎన్నాళ్లు సాగినను, చెప్పనిది అలవాటే కాని నియమము కాదు.

పిమ్మట ప్రతి వివరమునకు 1, 2, 3 అని సంఖ్యలను మేమే వ్రాసి, ఆ సంఖ్యలనుబట్టి వరుస పెట్టించితిమి. ఇప్పుడే యంత్రముననైనను ఒకటే పట్టిక. కొత్తప్రతిలో ఇంటిపేరును పెద్దనాయన వ్రేలితో తడిమి తలయూపిరి.

ఇంటిపేరు విషయమునను మనమిట్లే పొరబడితిమి గదా! పిల్లలకది దానంతటదే వచ్చునని నమ్మి, ఎన్నడును చెప్పమైతిమి. ఊరు మారినపుడు, బడిభాష మారినపుడు, చెప్పనిది నిలువదు. నిలువవలసినదానిని మనమే నోట చెప్పి, చేత వ్రాసి యీయవలెను.