ముసురులో కుండీల ముచ్చట్లు

మిరుగం దాటింది, ముసురు పట్టింది. బాల్కొండ చుట్టుపక్కల పసుపు వేయడాలు ఒక కొలిక్కి వచ్చాయి. పోచంపాడు గేట్లు ఎప్పుడెత్తుతారన్న చర్చ హోటళ్ళలో ఏటా లాగే మొదలైంది. ప్రాజెక్టు సంగతి ఇంజనీర్లకన్నా చాయ్ తాగేవాళ్ళకే బాగా తెలుసు కదా! ఊర పండుగ దగ్గరికొస్తోంది, కోళ్ళ ధర మాత్రం అడక్కండి.

ఇక ఇంటి అరుగు మీది చిన్న కుండీల సంగతి. ఈమధ్య గృహప్రవేశాల్లో స్టీలు గిన్నెకు బదులు చేతిలో పెడుతున్నారే, దళసరి ఆకుల బుల్లి మొక్క, సక్యులెంట్, అదే. ఆకుల్లోనే నీళ్ళు దాచుకునే రకం. ప్రేమకొద్దీ రోజూ చెంబుడు పోస్తే వేరు కుళ్ళి, మొదలు మెత్తబడి ఒరిగిపోతుంది. పసుపు చేలో నీరు నిలిస్తే దుంపకుళ్ళు వస్తుందని వానలో తడుస్తూ కాలువలు తీసే ఇళ్ళలోనే, అడుగున కన్నం లేని పింగాణీ కప్పులో ఈ మొక్కను పెడుతున్నారు! చేనుకున్న న్యాయం కప్పుకు లేదా?

మట్టి విషయంలోనూ అంతే. నల్లరేగడి తడిని ఓ పట్టాన వదలదు, దీనికి పనికిరాదు. చల్క మట్టి, ముతక ఇసుక చెరిసగం, కాసిని ఇటుక ముక్కలు చాలు. ముసురు రోజుల్లో సజ్జ కింద, వెలుతురు తగిలేచోట ఉంచండి. కాలిపోయిన అగరుబత్తి పుల్ల మట్టిలో గుచ్చి తీయండి. తడి అంటిందా, చెంబు లోపల పెట్టేయండి.

అన్నట్టు, మన పెరటి రణపాలదీ ఈ జాతే. దాని ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని ఒకప్పుడు సామర్లకోట తోటలో పనిచేసిన బెంజమిన్ హైనె దొర రాసిన సంగతి 1815లోనే అచ్చయింది. రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చి పులుపుగా దాచుకుని, పగలు ఆకు రంధ్రాలు బిగించుకుని ఆ సరుకు వాడుకుంటుందని తర్వాత తేలింది. మే నెలలో మనమూ పగలు తలుపులు బిగించేవాళ్ళమే. రుచి మాత్రం దొరగారు చూసేశారు, మనకొద్దు.

ఇక గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు అరుగు మీద ఎడారి గులాబీని చూసి ముక్కున వేలేసుకుంటున్నారు. ఆ అడీనియం పుట్టిల్లు అరబ్బు నేలా, ఆఫ్రికానూ. మనవాళ్ళు అటు, అది ఇటు. దానికి వీసా తిప్పలు లేవు.

ఆషాఢానికి పుట్టింటికొచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళయితే తిరిగి వెళ్ళేటప్పుడు ఆ బుల్లి మొక్కల దళసరి ఆకులు నాలుగు బ్యాగులో వేసుకుంటున్నారు. మంచిదే. తుంచిన ఆకును రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి మట్టి మీద ఊరికే పడుకోబెడితే మొలకేస్తుంది, పాతక్కర్లేదు. అన్నట్టు, ఆకుల సందుల్లో తెల్లగా దూదిలా కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే సరి. చేను కోసం తెచ్చిన పురుగుమందు డబ్బా మాత్రం దించకండి, ఇది అరచేతి మొక్కండీ, ఎకరం కాదు!